రాసిస్తే చదువుతాను

చిత్తూరు,
11-02-2026, బుధవారం.

ప్రియమైన శకుంతలక్కకు,

మీ ఎస్తేరు ముందుగా ప్రభువు పేరిట వందనాలు చెప్పుకొని, అది మీకు చాలదని తెలుసు గనుక రెండు చేతులూ జోడించి మామూలు నమస్కారం కూడా పెట్టి రాసుకునే ఉత్తరం. మీరూ, బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? తిరుపతిలో మేడ మీద వాటా తీసుకున్నారని విన్నప్పుడే అనుకున్నాను, ఈమెకు ఇది మెట్లెక్కే వయసా అని. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం పద్ధతి. ఆ మాట రాయబోయి రెండుసార్లు ఆగిపోయాను అక్కా. ఇక్కడ ఏమీ బాగాలేదు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటారు. చేశాను. మూడు రోజులు వరుసగా చేశాను, మోగి మోగి ఆగిపోయింది. నాలుగేళ్ల కిందట మీ వీడ్కోలు సభకు తలనొప్పి వంక పెట్టి రాకుండా ఇంట్లో కూర్చున్న మనిషి ఫోను మీరెందుకు ఎత్తాలి? ఎత్తకపోవడమే మంచిదయింది లెండి. ఎత్తి ఉంటే ఎండల గురించి మాట్లాడి పెట్టేసేదాన్ని. కాగితం మీదైతే మీరు నా మాటకు అడ్డం రాలేరు. స్టాఫ్ రూములో ఇరవై రెండేళ్లు పక్క పక్కన కూర్చుని ఒక్క మాట కూడా నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు మీరు.

సిగ్గు విడిచి అడుగుతున్నాను, నాకు మీతో పని పడింది. నిస్సీ గుర్తుందా? ఆరో తరగతిలో మీ దగ్గర పద్యాలు నేర్చుకున్న పిల్ల, కుట్టుమిషను ప్రశాంతి కూతురు. ముందు పళ్లు రెండూ కాస్త ఎడంగా ఉంటాయని మీరు ఎప్పుడూ ఏడిపించేవారు. ఇప్పుడు పదో తరగతి. ఆ పిల్ల పన్నెండు రోజులుగా మాట్లాడటం లేదు. తనంతట తానుగా ఒక్క మాట కూడా లేదు. తల్లితో లేదు, తండ్రితో లేదు, నాతో అసలే లేదు. పరీక్షలు వచ్చే నెల పదహారు నుంచి. తిరుపతిలో పెద్ద ఆసుపత్రిలో చూపించారు. గొంతు బాగుంది, చెవులు బాగున్నాయి, మనసులో ఏదో పట్టుకుంది, అది వదలాలి అన్నారట. ఇప్పుడు కొర్లగుంటలో వాళ్ల పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. మీ ఇంటికి రెండు వీధుల అవతల.

ప్రశాంతి మొన్న నా దగ్గరకు వచ్చి గడప మీదే కూలబడింది. నా బిడ్డ నోరు యాడ పోయింది టీచర్, ఎవరు ఎత్తకపోయినారు, రెండు ముద్దలు తిని గోడ పక్కకు తిరిగి పండుకుంటాది, నేనేం సేసేది అని ఏడ్చింది. నేను ప్రార్థన చేసి పంపాను. అదొక్కటే నాకు తెలిసిన పని.

ఇంకో సంగతి చెప్పింది అక్కా, అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఏముందో రాయమ్మా అని తల్లి నోటుపుస్తకం, పెన్ను చేతికిస్తే నిస్సీ రెండే మాటలు రాసిందట. రాసిస్తే చదువుతాను. అంతే. తల్లికి అర్థం కాలేదు. ఊరికే ఏదో ఒకటని, అమ్మా ఆకలిగా ఉంది అని రాసిచ్చింది. పిల్ల ఆ కాగితం రెండు చేతులతో ఎదురుగా పట్టుకుని, నిలబడి, గట్టిగా, తప్పు లేకుండా చదివింది. చదివి కూర్చుంది. మళ్లీ నోరు తెరవలేదు.

ఇది ఎలా మొదలైందో మీకు చెప్పాలి. మీకు తెలిసిన బడే కనుక వివరం అక్కర్లేదు గానీ, శుక్రవారం సాక్ష్యాల దగ్గర నుంచి చెబుతాను. ఆ సాక్ష్యాల మీదే కదా మనకు పోట్లాట వచ్చింది. ప్రతి శుక్రవారం అసెంబ్లీలో ఒక బిడ్డ నిలబడి దేవుడు తనకు చేసిన మేలు చెప్పాలి. పిల్లలు తడబడతారని, పెద్దల ముందు బడి పరువు పోతుందని, బుధవారమే వాళ్ల చేత రాయించి నేను ఎర్ర పెన్నుతో దిద్ది, బాగా లేనిచోట నేనే రాసిచ్చేదాన్ని. వాళ్లు బట్టీ పట్టి చెప్పేవాళ్లు. ఆ బట్టల కొట్టు వాళ్ల లోహిత చెప్పిన సాక్ష్యం మీరు మరిచిపోయి ఉండరు. ప్రార్థన చేస్తే కడుపునొప్పి పోయిందని ఎంత చక్కగా చెప్పింది. మీరు బయట ఆ పిల్లను పట్టుకుని ఏ రోజు వచ్చిందమ్మా నొప్పి అని అడిగారు. రాలేదు టీచర్, ఎస్తేరు టీచర్ రాసిచ్చింది అని చెప్పేసింది. మీరు నేరుగా నా బల్ల దగ్గరకు వచ్చి, ఎస్తేరూ, నువ్వు భక్తి నేర్పడం లేదు, వ్యాసరచన నేర్పుతున్నావు, ఏదో ఒకరోజు ఒక బిడ్డ నిజంగా సాక్ష్యం చెబుతుంది, అప్పుడు ఏం చేస్తావో చూస్తాను అన్నారు. మీది మా మతం కాదు కదా, మీకెందుకు అన్నాను. ఆ మాట అన్నాక మీ ముఖం ఎలా మారిందో నేను చూడలేదని మీరు అనుకున్నారేమో. చూశాను.

ఇప్పుడు సంగతికి వస్తాను. మన చిన్న గుడిలో బల్ల మీద ఉండే పెద్ద బైబిలు తెలుసు కదా, దొరలు తెచ్చింది, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవనిది. సంక్రాంతి సెలవుల తరువాత బడి తెరిచిన సోమవారం స్థాపకుల దినం. కరస్పాండెంటు గుణశేఖర్ గారు కొండల వైపు కళ్లెత్తే ఆ కీర్తన చదవడానికి పుస్తకం తెరిచారు. ఆ కీర్తన లేదు. పేజీలో అది ఉన్న మేర కోసి తీసేసి ఉంది. చింపినట్టు కాదు, స్కేలు పెట్టి బ్లేడుతో కోసినట్టు, అంచు ఎక్కడా పోకుండా. ఆయన ముఖం నల్లబడింది. మరునాడు సంచులు, పెట్టెలు అన్నీ వెతికించారు. పదో తరగతి భానుప్రియ మెడలో తాయెత్తు ఉంటే విప్పించారు. అందులో చిన్నగా మడిచి ఆ కీర్తన ఉంది.

భానుప్రియది పూతలపట్టు. వాళ్లు హిందువులు. తల్లికి డిసెంబరులో తిరుపతిలో పెద్ద ఆపరేషను జరిగింది. పిల్ల ఆ తాయెత్తు తల్లికి కట్టిందట. ఆపరేషను గదిలోకి తీసుకుపోయే ముందు నర్సు విప్పి పిల్ల చేతికే ఇచ్చిందట. తల్లి బతికి వచ్చింది, తాయెత్తు పిల్ల మెడలో ఉండిపోయింది. గుణశేఖర్ గారు, ఎవరు కోశారు అని అడిగారు. పిల్ల చెప్పలేదు. నువ్వే కోశావా అంటే కాదనలేదు, అవుననలేదు. దేవుని వాక్యాన్ని తాయెత్తులో పెట్టిన పిల్ల ఈ బడిలో ఉండకూడదు, హాల్ టికెట్టుకు మాత్రం వస్తే చాలు అని పంపించేశారు. వాళ్ల అవ్వ పోలేరమ్మ వచ్చి, గేటు దగ్గర ఒక గంట నిలబడి, పిల్లను పిలుచుకుపోయింది.

ఆ శుక్రవారం సాక్ష్యం నిస్సీ వంతు. బుధవారం నాకు చూపించి దిద్దించుకున్న సాక్ష్యం వేరే ఉంది, వాళ్ల నాయన నవీన్ బస్సు ప్రమాదం నుంచి తప్పించుకున్న సంగతి. ఆ కాగితం మడిచి చేతిలోనే పెట్టుకుంది. చదవలేదు. నేను సూసింది సెప్తాను అని మొదలుపెట్టింది. భానుప్రియ కోయలేదు, నేను గుడిలో పూలు పెట్టడానికి పోయినప్పుడు సూసినాను, కోసింది వేరే మనిషి, పెద్ద మనిషి అని చెప్పి, పేరు చెప్పింది. మూడు వందల మంది పిల్లల ముందు. ఆ పేరు నేనిక్కడ రాయను, బడిలో గౌరవమున్న మనిషి. ఆ మనిషి అక్కడే ఉన్నారు. అది నిజం కాదు అన్నారు. గుణశేఖర్ గారు ప్రార్థన ముగించి అందరినీ తరగతులకు పంపేశారు.

అక్కా, ఇందులో నా తప్పు ఒకటుంది. నవంబరులో తరగతిలో నిస్సీ నన్ను ఒకటి అడిగింది. మా నాయన యాక్సిడెంటు కేసులో కోర్టుకు పోయి సెప్పేది కూడా సాక్ష్యమే, మనం శుక్రవారం సెప్పేది కూడా సాక్ష్యమే, రెండూ ఒకటేనా టీచర్ అని. మంచి ప్రశ్న అని పొంగిపోయాను. రెండూ ఒకటే, చూసింది చూసినట్టు చెప్పాలి, ఎవరికీ భయపడకూడదు అన్నాను. బోర్డు మీద కూడా రాశాను. పిల్లలు మనం చెప్పేది వినరని అనుకుంటాం. వింటారు.

తరువాత పెద్దలు కూర్చున్నారు. పిల్ల బడి పెద్దల మీద నింద వేసింది గనుక అదే అసెంబ్లీలో తప్పు ఒప్పుకోవాలి, లేదంటే పరీక్షలకు కూర్చోనివ్వం అన్నారు. రాసిచ్చే పని నాకు అప్పగించారు. రాశాను. నేను అబద్ధం చెప్పాను, సాతాను నన్ను మోసగించాడు, దేవుడు నన్ను క్షమించాడు, మీరు కూడా క్షమించండి. నాలుగు వాక్యాలు. పరీక్షలు పోతే బిడ్డ బతుకు పోతుంది కదా అని తల్లికి నచ్చజెప్పాను, తల్లి పిల్లకు నచ్చజెప్పింది. ముప్పయ్యో తారీకు శుక్రవారం నిస్సీ ఆ కాగితం రెండు చేతులతో ఎదురుగా పట్టుకుని, నిలబడి, గట్టిగా, తప్పు లేకుండా చదివింది. చదివి కూర్చుంది. ఆ రోజు నుంచే.

భానుప్రియ కూడా అక్కడ నోరు విప్పడం లేదట. పోయిన ఆదివారం పూతలపట్టు పోయి చూసి వచ్చాను. పోలేరమ్మ మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, మా పిల్ల ఎవరు కోసినారో సెప్పదు టీచరమ్మా, మాటిచ్చినానంటాది, మీకేమన్నా తెలుసునా అని అడిగింది. ఇద్దరు పిల్లల నోళ్లు మూతబడ్డాయి అక్కా. ఇరవై ఏడేళ్లు నేను చెప్పిన పాఠం నోరు తెరిచి దేవుణ్ణి స్తుతించమని.

ఆ బిడ్డ విషయమై నాకు చాలా భారంగా ఉంది. నేను పోతే గోడ పక్కకు తిరిగి పడుకుంటుంది. మీరైతే అలా కాదు. మీరు పద్యం అందుకుంటే వెనకే అందుకునే పిల్ల. ఒక్కసారి పోయి చూడండి. నా మీద కోపం నా మీదే ఉంచండి, ఆ బిడ్డ మీద పెట్టకండి. రాసిస్తే చదువుతానంది కదా, అందుకని ఒక కాగితం రాసి ఈ కవరులోనే పెట్టాను. దేవుడు నా నోరు తెరిచాడు, నేను చేసిన తప్పు మరిచిపోయాను, మళ్లీ మామూలుగా మాట్లాడతాను అని రాశాను. రోజూ రెండు పూటలా దాని చేత చదివించండి. మాటలు చిన్నవే. చదవగా చదవగా మాట వస్తుందని నా ఆశ.

బావగారికి నా వందనాలు. మీకు నచ్చే రేగొడియాలు ఎండబెడుతున్నాను, బెల్లం ఎక్కువ, కారం తక్కువ. ఎవరైనా వచ్చేవాళ్లుంటే పంపుతాను. వద్దనకండి.

మీ మేలు కోరే, మీరు వద్దన్నా మీదే అయిన

ఎస్తేరు.

తా.క.: కవరు అంటించి పోస్టాఫీసు దాకా పోయాను. ముందర ఆరుగురు ఉన్నారు. స్పీడు పోస్టు కదా, బరువు ఎక్కువవుతుందేమోనని కవరు అరచేతిలో తూచి చూశాను. ఇరవై ఏడేళ్లుగా పిల్లల చేత మోయిస్తున్నది ఇలా నేను రాసిచ్చిన కాగితాలే కదా అనిపించింది. వరుసలోంచి బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని, కవరు చించి రాస్తున్నాను.

పైన భారంగా ఉంది అని రాసిన చోట వెలుతురుకు పెట్టి చూడండి. ముందు భయంగా ఉంది అని రాశాను. ఎర్ర పెన్ను తీసి భయం కొట్టేసి, ఆ పేజీ మొత్తం మళ్లీ సాపు రాసి, భారం అని పెట్టాను. మొదటి కాగితం మీద నొక్కి రాసిన అచ్చు కింది కాగితానికి దిగి ఉంటుంది. మా వాళ్లలో భారం అంటే ప్రార్థన చేసే మనిషి మాట, మర్యాదగా ఉంటుంది. నాకున్నది భయం.

ఆ కీర్తన కోసింది నేను అక్కా. నిస్సీ చెప్పిన పేరు నాది.

డిసెంబరులో భానుప్రియ ఇంటర్వెల్లులో నా దగ్గరకు వచ్చింది. టీచర్, మీరు వాక్యం గుండెల్లో పెట్టుకోమంటారు కదా, మా అమ్మకు గుండెకే ఆపరేషను, యాడ పెట్టేది, తాయెత్తులో పెడితే గుండె మీద ఉంటాది కదా అని అడిగింది. తప్పమ్మా అనాలి నేను. అనలేకపోయాను. ఏ వాక్యం కావాలి అన్నాను. ఆ కొండల పాట ఇయ్యండి టీచర్, మా సామి కూడా కొండమీదే ఉండాడు, మా అమ్మకు సరిపోతాది అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంట్లో నా సొంత బైబిలు ఉంది, చేత్తో రాసివ్వచ్చు, ఏదైనా చేయొచ్చు. పాత పుస్తకంలోదైతే మహిమ ఎక్కువని ఆ పిల్లకు ఎంత నమ్మకమో, ఆ నిమిషం నాకూ అంతే నమ్మకం. జామెట్రీ బాక్సులోంచి బ్లేడు, స్కేలు తీశాను. ఆ అంచు మీరు చూసి ఉంటే ఇట్టే పట్టేసేవారు. కోసి ఇచ్చి, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాను. గుడి గుమ్మంలో పూల బుట్టతో నిస్సీ నిలబడి ఉంది. చూడలేదనుకున్నాను.

నా ఇరవై ఏడేళ్లలో బట్టీ కాని ప్రార్థన ఆ పిల్ల కోసం చేసింది ఒక్కటే. దాన్నే నేను ఒప్పుకోలేకపోయాను. ఒప్పుకుంటే మా వాళ్లు తాయెత్తు కట్టిన టీచరంటారు, మీ వాళ్లు మతం మార్చే టీచరంటారు. రెండు వైపులా భయపడి, అది నిజం కాదు అన్నాను. ఆ మనిషి అన్నారు అని పైన రాశాను చూడండి, అది నేనే. ఆ తరువాత నిస్సీ చేత అబద్ధం చెప్పానని చదివించే కాగితం కూడా నేనే దిద్దాను. పూతలపట్టులో పోలేరమ్మ మీకేమన్నా తెలుసునా అంటే, మజ్జిగ తాగి, తెలియదు అన్నాను.

శుక్రవారం అసెంబ్లీలో చెబుతాను. నా మీద నాకు నమ్మకం లేదు గనుక, ఈ తాజా కలం మాటలే ఇంకో కాగితం మీద రాసి, ఇందాకే వెనక్కి బడికి నడిచి వెళ్లి గుణశేఖర్ గారి బల్ల మీద, ఆయన కళ్లద్దాల కింద పెట్టి వచ్చాను. ఆయన భోజనానికి పోయి ఉన్నారు. ఈపాటికి చదివే ఉంటారు. ఇంక దిద్దడానికి లేదు.

కవరులో నిస్సీ కోసం పెట్టిన కాగితం చించేయండి. దానికి చూపించకండి. పైన రాసిన ఉత్తరం కూడా చదివి వినిపించకండి, అది నేను శుక్రవారాలకు రాసిచ్చే రకమే. ఈ కింది భాగం ఒక్కటే వినిపించండి. విన్నాక మాట్లాడుతుందో లేదో నాకు తెలియదు అక్కా. మాట్లాడకపోతే దాని పక్కన ఊరికే కూర్చోండి. ఒకవేళ చెయ్యి చాచి, చదవడానికి కాగితం అడిగితే, ఏమీ తేలేదని చెప్పండి. నువ్వు చూసింది నువ్వే చెప్పమ్మా, టీచర్ ఇంక దిద్దదట అని చెప్పండి.